వెనక చక్రం కింద ఇటుక

నేను ఒక ఇటుకని. ఫలానా ఇంటి గోడలో ఉన్నానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. విశాఖపట్నంలో ఒక పాత తెల్లకారు వెనక చక్రం కింద ఏళ్ల తరబడి బతికాను. ఆ మాట చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ సిగ్గు నా ఒక్కదానిదే కాదని ఈ మధ్యనే తెలిసింది.

అనకాపల్లి దగ్గర ఒక బట్టీలో పుట్టాను. అందరితో పాటే నన్నూ తొక్కారు, అచ్చు పోశారు, ఎండబెట్టారు. కాల్చేటప్పుడు మాత్రం నా వైపు మంట ఎక్కువైంది. ఒక పక్క నల్లగా మాడి, కాస్త వంకర తిరిగాను. తాతినాయుడు గారు ఇల్లు కట్టుకుంటుంటే లారీలో వాళ్ల వీధికి చేరాను. తాపీమేస్త్రి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదొద్దు, వరస సెడగొట్టీగల్దు" అని పక్కకి విసిరేశాడు. నాతో వచ్చినవన్నీ గోడలై, రంగులు వేయించుకుని, దేవుడి పటాలు మోస్తూ నిలబడ్డాయి. నేను గేటు పక్కన మట్టిలో పడి ఉన్నాను. అప్పటినుంచీ ఎవరు తన్నినా, ఎటు దొర్లినా, నల్లవైపు నేలకేసి ఉంటే చాలనుకునేదాన్ని.

తాతినాయుడు గారు చెడ్డవారు కాదు. ఆఫీసులో పెద్ద గుమాస్తా, ఇంట్లో పెద్ద మెకానిక్కు. రెండోదానికి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నారు. ఇంటికి కారు వచ్చిన రోజే, "దీన్ని షెడ్డుకి పంపడం ఉండదు. ఆళ్లు బాగున్నది పాడు సేసీసి పంపుతారు" అని తేల్చేశారు. ఆదివారం వస్తే లుంగీ పైకి కట్టి, చాప పరిచి, కారు కింద దూరేవారు. విప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. బిగించడంలోనే చిన్న ఇబ్బంది. పని అయ్యాక చాప మీద ఒకటో రెండో ముక్కలు మిగిలేవి. "కంపెనీవోడు ఎక్కువేసీసేడు" అంటూ వాటిని ఖాళీ ఆవకాయ సీసాలో వేసేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒక ఆదివారం హ్యాండ్ బ్రేకు మీద పడ్డారు. దాని తీగకి గ్రీజు పెట్టి, మళ్లీ తగిలించేటప్పుడు, తీగని చక్రం దగ్గర పట్టి ఉంచే చిన్న పిన్ను ఒకటి చాప మీద మిగిలిపోయింది. అది సీసాలోకి వెళ్లింది. తీగని ఇల్లు కట్టగా మిగిలిన కట్టుబడి వైరుతో కట్టేశారు. నేను గేటు పక్కనుంచి అంతా చూస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రానికే వైరు సాగింది. బ్రేకు పిడి చంకదాకా లేస్తోంది, కారు మాత్రం వెనక్కి జారుతోంది. మా వీధి కొండవాలు. గేరులో ఉంచినా ఆ ముసలి బండి నిలవలేదు. ఆయన కంగారుగా చుట్టూ చూశారు. నేను కనబడ్డాను.

ఆ క్షణంలో ఎంత సంతోషించానో! పనికిరానిదన్నారు కదా, ఇంత పెద్ద కారుని ఆపుతున్నాను కదా అనుకున్నాను. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఎందుకంటే నన్ను చక్రం కింద పెట్టే పని ఆయనది కాదు, ఆయన భార్య నూకరత్నం గారిది. ఆయన కాలు బ్రేకు మీద ఉండాలి మరి.

రత్నం గారు నన్నొక గుడ్డసంచిలో వేసి, కారులో తన కాళ్ల దగ్గర పెట్టుకునేవారు. విశాఖపట్నంలో వాలు లేని చోటెక్కడ? కారు ఆగీ ఆగకముందే ఆయన కేక వేసేవారు. "రత్నం, ఇటుక!"

ఆవిడ దిగాలి. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఇంకో చేత్తో నన్ను చక్రం వెనక తోయాలి. తిరుగు ప్రయాణం మరీ ఘోరం. ఆయన కారుని ముందుకు లాగి, మళ్లీ ఆగితే జారిపోతుందని వాలు ఎక్కేదాకా వెళ్లిపోయేవారు. తలనిండా పూలు, చంకలో ఇటుక, ఆవిడ నడుచుకుంటూ ఎక్కిరావాలి. అరుగుల మీద ఆడవాళ్లు మాటలాపి చూసేవారు. మా వీధి పిల్లలు ఆవిడకి 'ఇటుకత్త' అని పేరు కూడా పెట్టారు. నా ఎర్రటి పొడి ఆవిడ అరచేతులకి అంటుకుంటే, నేనే ఆవిడ చెయ్యి పాడుచేస్తున్నానని చితికిపోయేదాన్ని.

రత్నం గారి చెల్లెలు గౌరి కొత్త ఇల్లు కట్టుకుంది. అప్ప చేతుల మీదుగా పాలు పొంగించాలని ఆమె పట్టు. ఆ ఇల్లూ వాలు మీదే. బంధువులంతా గుమ్మంలో ఎదురుచూస్తుండగా కారు ఆగింది, కేక వినబడింది. రత్నం గారు దిగి, వంగి, నన్ను పెట్టి లేచేసరికి కొత్తచీర అంచుకి ఎర్రమట్టి. గౌరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అప్పా! శంకుస్థాపన ఎప్పుడో అయిపోనాదే. ఇయాల గృహప్రవేశం. ఇప్పుడు ఇటుక తెచ్చేవేటే?"

అందరూ ఘొల్లుమన్నారు. రత్నం గారు కూడా నవ్వారు. తాతినాయుడు గారైతే అందరికంటే గట్టిగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా నా జాతివాళ్లు కొత్త రంగులో మెరుస్తున్నారు, నేను చక్రం కింద నలుగురికీ నవ్వులాటనై ఉన్నాను. ఆవిడ మాత్రం పాలు పొంగించే ముందు చేతులు కడుక్కుని, చాలక మళ్లీ కడుక్కున్నారట. చేతులింకా ఎర్రగానే ఉన్నాయని తిరుగుదారిలో చెప్పి ఏడ్చారు.

"నాకు సిగ్గేస్తందండీ. ఆ బ్రేకు ఎవరికైనా సూపించండి."

"సిగ్గెందుకే? మన కారు, మన ఇటుక. ఎవుడి సొమ్ము తిన్నాం?"

ఆవిడ సంచితో సహా నన్ను కాలితో కొంచెం దూరంగా జరిపారు. నేను ఏమనుకోలేదు.

కొన్నాళ్లకి ఆయన ఆఫీసు మిత్రుడి కొడుకు పెళ్లి వచ్చింది. కొండ మీది కళ్యాణమండపం. ఎక్కే దారంతా కార్లు, గుమ్మంలో ఆఫీసంతా నిలబడి ఉంది. కారు ఆగింది.

"రత్నం, ఇటుక!"

ఆవిడ కదల్లేదు.

"రత్నం! ఇనబళ్ళేదా?"

"ఇనబడింది. ఇయాల మీరు దిగండి."

"నానెలా దిగుతానే? కాలు తీసేనంటే బండి ఎనక్కి పోతాది!"

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. తాతినాయుడు గారు కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశారు. రత్నం గారు చీర సర్దుకుని, గేరు మీదుగా కుడికాలు చాపి, ఆయన కాలి పక్కనే బ్రేకు మీద వేసి బలంగా తొక్కారు. తరవాత సంచి తీసి ఆయన ఒళ్లో పెట్టారు.

"నాను తొక్కేను. ఎల్లండి."

ఇన్నేళ్లలో ఆయన నన్ను మొదటిసారి మోశారు. ఇస్త్రీ పంచెతో వంగి చక్రం వెనక పెడుతుంటే, గుమ్మంలోంచి ఎవరో, "ఏటి నాయుడూ, కొత్త మోడలు బ్రేకా?" అన్నారు. గుమ్మమంతా నవ్వింది. ఆయన నవ్వలేకపోయారు. లేచి నిలబడి, ఎర్రగా ఉన్న తన అరచేతుల్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే పట్టుకున్నారు. ఆ చేతులు చూస్తే నాకు జాలేసింది. అబద్ధమెందుకు, కొంచెం తృప్తి కూడా కలిగింది. వెంటనే దానికీ సిగ్గుపడ్డాను.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్లలేదు. కారు కింద దూరి, చాలాసేపు ఆ వైరునే చూస్తూ పడుకున్నారు. తరవాత, "రత్నం, ఆ సీసా తేవే" అన్నారు. కాగితం మీద గుమ్మరిస్తే, గ్రీజు ఎండిన ఆ చిన్న పిన్ను దొర్లింది. తీసుకెళ్లి దాని చోట పెట్టారు. చక్కగా కూర్చుంది. పిడి లాగారు. మా వీధి వాలు మీద, నేను లేకుండా, కారు నిలబడింది.

ఆయన పిడి దించి, మళ్లీ లాగి చూశారు. తల ఎత్తకుండానే, "ఇంట్లోనే ఉందే ఇది" అన్నారు.

రత్నం గారు ఎన్నైనా అనొచ్చు, కానీ లోపలికి వెళ్లిపోయారు. పంపు కింద ఆవిడ చేతులు కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

సాయంత్రం ఆయన నన్ను తీసి గెడ్డ కాలవలో పారేయబోయారు. తప్పు చేసినవాడికి ముందు సాక్షిని వదిలించుకోవాలనిపిస్తుంది కాబోలు. ఆవిడ ఎప్పుడు వచ్చారో, నన్ను ఆయన చేతిలోంచి లాక్కున్నారు.

"దీన్నెందుకు పారేస్తారు? ఇదేటి సేసింది మిమ్మల్ని?"

తీసుకెళ్లి గేటు పక్క పిట్టగోడ మీద పెట్టారు. అదీ నల్లవైపు వీధికి కనబడేలా! అంతకాలం దాచుకున్నదంతా బయటపడిపోయింది. దారిన పోయే ప్రతివాళ్లూ నన్నే చూస్తున్నారని ముడుచుకుపోయాను. ఆయన మాత్రం గేటు తీసేటప్పుడు నా వైపు చూసేవారు కాదు.

మొన్న గౌరి వచ్చింది. నన్ను చూడగానే నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇదింకా ఉంచేవేటే అప్పా! నీ సారె సామానేటి?"

రత్నం గారు నోరు తెరిచేలోపే కారు దగ్గరనుంచి తాతినాయుడు గారు లేచి వచ్చారు. చేతినిండా గ్రీజు. మొహం కందగడ్డలా ఉంది.

"నవ్వకమ్మా. అది మీ అప్ప తప్పు కాదు. ఇటుక తప్పూ కాదు. నాను పిన్ను పెట్టడం మర్సిపోయి, ఇన్నేళ్లూ మీ అప్పని నలుగుర్లో వొంగదీసేను."

గౌరి నవ్వు ఆగిపోయింది. రత్నం గారు ఆయన వైపు చూశారు. తరవాత కొంగుతో నా మీది దుమ్ము తుడిచి, చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లారు.

నా నల్లవైపు ఇప్పటికీ వీధికేసే ఉంది. ఉండనీ.