నలుచదరపు చిల్లు

మా అత్తగారు వెంకాయమ్మ రెండు చేతులూ నా పొట్టకి అడ్డం పెట్టేసింది.

"కదలకు. గ్రహణం లోపలికొచ్చేసింది," అంది.

పందొమ్మిది వందల అరవై అయిదు, కార్తీక అమావాస్య. నాకు ఆరో నెల. తెల్లవారుజాము నుంచీ ఆవిడ కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతూనే ఉంది, తలుపు కింద గోనెపట్టా తోసింది. గ్రహణం విడిచేదాకా నేను చీకట్లో వెల్లకిలా పడుకోవాలి. కానీ కిటికీ చెక్కలో నలుచదరపు మేకు ఊడిన చిల్లొకటి మిగిలిపోయింది. ఎదురు గోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు పడింది. ఆ వెలుగుని ఒక పక్క ఎవరో కొరికేసినట్టుంది.

నేను లేచి కూర్చున్నాను.

"పడుకోవే. మొదటిదాన్ని ఇలాగే పొట్టన పెట్టుకున్నావు."

ఈ మాట నేను తెనాలిలో ఈ ఇంట్లో రోజూ వింటున్నదే. కిందటిసారి కడుపుతో ఉన్నప్పుడు, చంద్రగ్రహణం పట్టేలోగా వంట ముగించమని తొందరపెట్టారు. దోసకాయ సగం తరిగేసరికి పట్టేసింది. పాప గ్రహణం మొర్రితో పుట్టింది. పాలు తాగలేక వారం తిరక్కుండా పోయింది. నీ చేత్తో నువ్వే కోశావన్నారు. రేపల్లె కాలేజీలో ఫిజిక్సు చెప్పే నా భర్త పేపరు మడిచి, "పెద్దవాళ్లతో వాదనెందుకు?" అన్నాడు. పెళ్లికి ముందు బాపట్లలో ఆడపిల్లలకి లెక్కలు చెప్పిన నేను కూడా, ఒంటరిగా ఉన్నప్పుడు నా చేతుల్ని అనుమానంగా చూసుకునేదాన్ని.

ఇప్పుడు గోడ వైపు చూశాను. పెంకుల సందు ఏ ఆకారంలో ఉన్నా నేల మీద వెలుగు గుండ్రంగానే ఎందుకు పడుతుందని బాపట్లలో పిల్లల్ని అడిగేదాన్ని. వాళ్లు కొట్టుకుని, అలిగి, చివరికి కనిపెట్టేవాళ్లు: అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. చెప్పానే గానీ రుజువు కళ్లతో చూడలేదు. ఆ రుజువు ఇప్పుడు మా సున్నపు గోడ మీద సన్నబడుతూ కొడవలి అవుతోంది. లక్షల మైళ్ల అవతల జరుగుతున్నది మా గదిలోకి తిన్నగా నడిచి వచ్చింది.

"అత్తయ్యా, చిల్లు నలుచదరంగా ఉంది కదండీ. వెలుగు కొడవలిలా ఎందుకుందంటారు?"

"రాహువు నోరు కాబోలు. నన్నడుగుతావేంటి?"

"చెయ్యి పెట్టి చూడండి."

చాలాసేపు తటపటాయించి అరచెయ్యి చాపింది. పసుపు ఇంకిన ఆ గీతల మధ్య చిన్న సూర్యుడు నిలబడ్డాడు.

"కాలట్లేదే."

"చంద్రుడు అడ్డమొచ్చాడండీ, అంతే. ఉత్త నీడ. నీడ ఏ పెదవినీ కొయ్యదండి."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. వెలుగు మెల్లగా జరుగుతుంటే చేతిని దాని వెంటే జరిపింది.

"ఎంత ముద్దుగా ఉందే," అంది. తర్వాత, "ఇదంతా మావాడికి తెలుసా?"

"ఏటేటా దీపం, బంతి పెట్టి క్లాసులో చెబుతారు."

"ఏంటమ్మా, లోపల మాటలు?" వసారాలోంచి ఆయన గొంతు.

ఆవిడ నా వైపు తిరిగింది. చీకట్లో కూడా ఆ కళ్ల తడి కనిపించింది.

"ఆ పసిదాని చావు నీ నెత్తిన రుద్దుతుంటే, కాదని నాకు చెప్పాల్సింది ఎవరే?"

గడప దగ్గర పెళ్లినాడు పట్టుబట్టి చెప్పించారు తప్ప, ఆయన పేరు మళ్లీ నా నోట రాలేదు. తలుపు అవతలికి వినపడేలా అన్నాను.

"బ్రహ్మానందం."