కొండకు పోని గుండు

వెంకట్రామ్ స్నానానికి వెళ్ళగానే ఇంద్రజ చేసే మొదటి పని ఆయన దిండు మీద రాలిన వెంట్రుకలు ఏరడం. ఎవరూ చెప్పిన పని కాదు, ఎవరూ చూసే పనీ కాదు. ఆయన డెంగీతో ఆస్పత్రిలో పడి, లేచి ఇంటికొచ్చిన మూడో నెల నుంచి ఇలా జరుగుతోంది. దిండు మీద వెంట్రుకలు కనబడితే ఆయనకు ఆ రోజంతా పాడవుతుంది. ఆయన రోజు పాడైతే ఇంట్లో మిగతా ముగ్గురి రోజూ పాడవుతుంది. అందుకని గలేబు దులిపి, వేళ్ళకు చుట్టుకున్న వాటిని చెత్తబుట్టలో కూరగాయల తొక్కుల కింద దాచేస్తుంది. నలభై రెండేళ్ళ మనిషి, ఆడపిల్లల బడిలో కెమిస్ట్రీ టీచరు, తెల్లవారగానే చేసే దొంగపని ఇది.

సౌకార్‌పేటలో వాళ్ళది పెళ్ళి శుభలేఖల హోల్‌సేల్ కొట్టు. ఒకరోజు కార్డులు చూడ్డానికొచ్చిన పెళ్ళికూతురు ఒకతె వెంకట్రామ్‌ని "తాతా" అని పిలిచింది. ఆయనకు నలభై ఆరు. ఆ పూట భోజనాల దగ్గర ఆ సంగతి చెప్తుంటే కూతురు మధుమిత అన్నం ముద్ద పట్టుకునే పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. "వచ్చే సంవత్సరం మన వర్తకుల సంఘానికి నూరేండ్లు. నేను వైస్ ప్రెసిడెంటు. బజారంతా నా ఫోటో పెడతారు. ఈ నెత్తితోనా? ఇంద్రా, ఈ జుట్టు నాటేది యాడ బాగా చేస్తారో నువ్వు చూడు" అన్నాడు.

నువ్వు చూడు. ఇంద్రజ కాపురమంతా ఈ రెండు మాటల మీదే నడిచింది. మధుమిత బడి సీటు నువ్వు చూడు, అమ్మ కంటి ఆపరేషన్ నువ్వు చూడు, ఇంటి పత్రాల్లో పేరు తప్పు పడింది నువ్వు చూడు. ఆయన చూడలేనివాడేమీ కాదు, వందల రకాల కార్డుల్లో ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసిస్తాడు. ఇంట్లోకొచ్చేసరికి ఆ కళ్ళు మరీ గట్టిగా మూసుకుపోతాయి, అంతే.

ఇంద్రజ చూసింది. బడిలో మిగిలిపోయిన ఒక రికార్డు పుస్తకం తీసి, పేజీకో క్లినిక్ చొప్పున పదకొండు క్లినిక్కుల వివరాలు రాసుకుంది. వెంట్రుకలను డాక్టరే తీసి నాటుతారా, లేక పక్కవాళ్ళకు అప్పజెప్పి వెళ్ళిపోతారా? తల వెనక నుంచి ఎన్ని తీస్తే వెనక భాగం పలచబడదు? ముఖం వాస్తే ఆదివారం ఎవరు ఫోనెత్తుతారు? మధ్యాహ్నం గంట కొట్టగానే టిఫిన్ డబ్బా ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకుని లేబొరేటరీ వెనక నిలబడి ఈ ప్రశ్నలే అడిగేది. "సార్‌కి ఫోనివ్వండి మేడమ్, వివరంగా చెప్తాం" అనేవాళ్ళు అవతలివాళ్ళు. సార్‌కి ఇందులో ఓనమాలు కూడా రావని చెప్పలేక, సార్ మీటింగులో ఉన్నారనేది. అన్నానగర్‌లో ఒకచోట ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఫోటోలు చూపించారు. రెండింటికీ తేడా జుట్టులో కాదు, లైటులో ఉందని కనిపెట్టి, దండం పెట్టి బయటికొచ్చేసింది. ఇంకోచోట ఒక్క రోజులో నాలుగు వేల కుదుళ్ళు నాటేస్తామన్నారు. చివరికి ఆయన్ను వెంటబెట్టుకుని నుంగంబాక్కం వెళ్తే, డాక్టర్ శ్రీజ ఆయన తల భూతద్దంతో చూసి, లెక్కపెట్టి, "రెండు వేల రెండొందలు. అంతకు మించి నేను తియ్యను" అంది. తక్కువ ఆశ పెట్టిన ఆ మనిషి మీదే ఇంద్రజకు నమ్మకం కుదిరింది.

ఇన్నాళ్ళు పట్టినందుకు ఇంట్లో దక్కిన మెప్పు ఇది: "ఒక్క చీర కొనేదానికి నాలుగంగళ్ళు తిరిగే రకం. ఇంక దీనికి పదకొండు కాకపోతే ఎట్ట?" అత్తగారు సీతాలక్ష్మి కొడుకు మాటకు నవ్వింది. ఇంద్రజ కూడా నవ్వింది. ఆమె నవ్వగలిగింది, ఎందుకంటే ఆయన విషయంలో ఆమె తప్పు చేసింది. ఆ తప్పు ముందు ఈ పదకొండు క్లినిక్కులూ ఆమెకు ఒక లెక్క కాదు.

ఆస్పత్రిలో ఆయన నాలుగు రోజులు ఐసీయూలో, ఐదు రోజులు వార్డులో ఉన్నాడు. ఐసీయూ నాలుగు రోజులూ ఇంద్రజ మూడో అంతస్తులో, రోగుల తాలూకు మనుషులు కూర్చునే హాల్లో ఉంది. వెనక్కి వాలే కుర్చీలు, చల్లటి గాలి. ఇంటి పని ఊరి నుంచి వచ్చిన తోడికోడలు చూసుకుంది, బడికి సెలవు పెట్టింది, ఆయన పని నర్సులు చూసుకున్నారు. ఆమె చేయవలసిందల్లా అక్కడ కూర్చోవడమే. మొదటి రోజు ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. రెండో రోజు టిఫిన్ తిని, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామని వెనక్కి వాలింది. లేచేసరికి పొద్దు వాలిపోయింది. పాలు పొంగుతాయని కాదు, కాలింగ్ బెల్ మోగిందని కాదు, నిద్ర తీరిపోయి లేచింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అలాంటి నిద్ర ఎరగదు. మూడో రోజూ అంతే. నాలుగో రోజు పొన్నమ్మ అనే నర్సు భుజం తట్టి లేపి, "ప్లేట్‌లెట్లు పెరిగినాయమ్మా, రేపు వార్డుకు మార్చేస్తారు" అని సంతోషంగా చెప్పింది. ఇంద్రజకు ముందుగా తోచిన మాట, అప్పుడేనా అని. ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంటే ఏం అని. ఆ మాట మనసులోకి రావడానికీ, అది ఎలాంటి మాటో తెలిసిరావడానికీ మధ్య ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. సరిగ్గా అప్పుడే లిఫ్టు దిగి వచ్చిన సీతాలక్ష్మి, కోడలి ఉబ్బిన కళ్ళు చూసి, అది ఏడుపు అనుకుని, "ఏడవద్దమ్మాయ్. స్వామికి మొక్కుకున్నావా?" అని అడిగింది. ఇంద్రజ ఊ కొట్టింది. "ఏమని?" అంది అత్తగారు. "ఆయన బాగై వస్తే గుండు కొట్టించుకుంటారని" అంది. నోటికొచ్చింది అనేసింది. మొక్కుకోలేదు. ఆ నాలుగు రోజుల్లో స్వామి తలపుకు కూడా రాలేదు.

ఆ అబద్ధాన్ని ఇంట్లో అందరూ కళ్ళకద్దుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ సీతాలక్ష్మి చెప్పుకుంది, నా కోడలి మొక్కే నా బిడ్డను కాపాడిందని. అలా పొగిడినప్పుడల్లా ఇంద్రజ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. తర్వాత ఆయన జుట్టు రాలడం మొదలైతే, జ్వరం వల్ల కొంతా, వంశం వల్ల కొంతా అని డాక్టరు చెప్పినా, ఆమెకు మాత్రం తను ఆడిన అబద్ధమే దిండు మీద రాలుతున్నట్టు ఉండేది.

శనివారం భార్యాభర్తలిద్దరూ మళ్ళీ నుంగంబాక్కం వెళ్ళారు. ఆపరేషన్‌కు పద్దెనిమిదో తేదీ ఖాయమైంది. ఆ తర్వాత రెండు నెలలు డాక్టర్ శ్రీజ ఊళ్ళో ఉండదు. తల మొత్తం గొరిగి నాటుతారు, మొలిచి ఒత్తుగా కనబడ్డానికి ఏడాది పడుతుంది. గొరుగుతారు అనగానే వెంకట్రామ్ ముఖం మాడింది. బజారంతా తెలిసిపోతుంది కదా! అక్కడి కౌన్సెలర్ శ్రీకుమార్‌కి ఇది రోజూ ఉండే గొడవే. "కవలపడాదీంగ సార్," అన్నాడు తమిళంలో. దిగులుపడకండి సార్, అందరూ తిరుపతి పోయొచ్చామనే చెప్తారు, గుండు చూసి ఇంకో మాట అడిగేవాళ్ళుండరు, కొన్నాళ్ళు టోపీ పెట్టుకుంటే చాలు అన్నాడు. వెంకట్రామ్ దారంతా ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఆదివారం భోజనాలయ్యాక హాల్లో కూర్చుని ఈ ఉపాయం తల్లికి చెప్పాడు. సీతాలక్ష్మి చాటలో మునగాకు దూస్తోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏంరా, స్వామి పేరు చెప్పి అబద్ధం ఆడతావా? అసలే ఆ మొక్కు అట్నే నిలిచిపోయుండాది. చేసేది క్లినిక్‌లో, చెప్పేది కొండ పేరా? ఒప్పుకోను."

"ముందు కొండకు పోయి రండి," అంది ఇంద్రజ. "తలనీలాలు ఇచ్చి, మూడు వారాలు ఆగి..."

"మూడు వారాలా? పద్దెనిమిది దాటితే ఆ డాక్టరమ్మ ఉండదని నువ్వే కదా చెప్పినావు. నెత్తి మీద కత్తి గాటు పడితే ఆపరేషన్ వాయిదా అని నీ రికార్డు పుస్తకంలోనే రాసుండావు." ఆయన ఒక నిమిషం ఆలోచించాడు. చిక్కుముడి ఊడినట్టు ముఖం విప్పారింది. "మొక్కుకునింది నువ్వే కదా ఇంద్రా. నువ్వియ్యి. అమ్మా, నువ్వు దాన్ని తీసుకొని కొండకు పోయి రా. ఇద్దరమూ గుండుతో కనిపిస్తే బజార్లో ఎవుడికీ డౌటే రాదు!"

కోపంతో అన్న మాట కాదు. ప్రేమగానే అన్నాడు, కొట్లో రెండు పార్టీల బేరం కుదిర్చినప్పుడు ఉండే హుషారుతో.

సీతాలక్ష్మి కోడలి జడ వంక చూసింది. "ఆడది ఇస్తే స్వామికి మరీ ఇష్టం అంటారు," అంది మెల్లగా. "మొగుడి కోసం ఇచ్చేది, పుణ్యమేలే."

"బడిలో..." అంది ఇంద్రజ.

"బడిలో ఏమనుకుంటారు, భక్తి అనుకుంటారు. పైగా నీది మళ్ళా మొలుస్తాది. నాదట్ట మొలవదు కదా."

ఇంద్రజ నోటి దాకా వచ్చిన మాట సరే. ఇన్నాళ్ళుగా శిక్ష కోసమే ఎదురుచూస్తున్నట్టు, అది రాగానే ప్రాణం ఒక రకంగా కుదుటపడింది కూడా. ఇచ్చేస్తే తీరిపోతుంది. తన తల్లి రెండుసార్లు ఇచ్చింది, ఇచ్చి వచ్చిన రోజు ఎంత కళగా ఉండేదో! మొక్కుకుని ఉంటే తనూ కన్నీటి చుక్క రాల్చకుండా ఇచ్చేది. కల్యాణకట్టలో తల వంచి కూర్చున్న తనను ఊహించుకుంది. ఎందుకమ్మా ఇస్తున్నావు అని స్వామి అడిగితే? ఆయన సంఘం ఫోటో కోసమనా? బజారుకు అనుమానం రాకూడదనా? లేక నాలుగు రోజులు ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను, అందుకనా? నిద్రకు ఇంత జుట్టా? ఈ ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది. తప్పు తప్పే. కానీ ఆ తప్పుకు మొక్కు అని పేరు పెట్టి ఇంకో అబద్ధం దేవుడి ముందు పెట్టడం ఆమె వల్ల కాలేదు.

"అత్తా, నేను మొక్కుకోలేదు."

"ఏందీ?"

"ఆ రోజు మీతో అబద్ధం చెప్పినాను. నేను ఏ మొక్కూ మొక్కుకోలేదు. నా జుట్టు ఇయ్యను."

వెంకట్రామ్ నవ్వబోయి ఆగాడు. "మరి నాలుగు దినాలు ఆడ కూర్చొని ఏం చేస్తా ఉండినావు?"

"నిద్రపోయినాను."

"నేను చావుబతుకుల్లో ఉంటే?"

"అవునండి. మీరు బతకాలనే ఉండింది. ఐనా నిద్రపోయినాను. లేపితే విసుగొచ్చింది. ఇంకో రెండు దినాలు మీరు ఆడనే ఉంటే బాగుండు అనుకున్నాను." ఆ రికార్డు పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ ఆపరేషన్‌కు కావలసిందంతా రాసిపెట్టుండా. డాక్టరమ్మతో ఇంక మీరే మాట్లాడుకోండి."

ఆయన ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. చెప్పులు వేసుకుని, తలుపు విసురుగా వేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందంటారు. ఇంద్రజకు అలా ఏమీ కాలేదు. ఆయన వీపు అంత వంగినట్టు ఎప్పుడూ చూడలేదు. ఐనా వెనక్కి పిలవలేదు. వచ్చి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది, తిట్టదలచుకుంటే తిట్టమన్నట్టు.

సీతాలక్ష్మి తిట్టలేదు. చాటలో మిగిలిన మునగాకు దూసింది. పొద్దున నాలుగున్నరకు లేచి పాలు కాచే మనిషి, డెబ్బై ఒక్కేళ్ళు, ఆమె కంటే ముందు లేచిన వాళ్ళను ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. లోపల మధుమిత గది తలుపు వేసి ఉందో లేదో ఒకసారి తొంగి చూసుకుంది. చాట పక్కకు జరిపి, కోడలి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"అంత బాగా పట్టిందా నిద్ర?"