మామ సంతకం

"ఆయన సంతకం పెడితేనే పిండాలు మీ కడుపులోకి ఎక్కిస్తామమ్మా. పెట్టకపోతే నెలాఖరుకు వాటిని దాచే గడువైపోతుంది, తీసి పారేస్తాం," అని డాక్టర్ నవీన మూడోసారి చెప్పింది.

భువనేశ్వరి పక్క కుర్చీలో ఉన్న మామ మునివెంకటప్ప వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. నగరిలో తెల్లవారకముందే బస్సెక్కి తిరుపతి వచ్చిన ఇద్దరూ ఇంతవరకు ఏమీ తినలేదు.

కిందటేడు, 2005లో, ఇదే ఆస్పత్రిలో ఆమె అండాలు, భర్త ప్రతాప్ బీజం కలిపి నాలుగు పిండాలు తయారుచేశారు. అప్పుడు ఆమెకు జ్వరం తగిలింది. తగ్గాక ఎక్కిద్దామని వాటిని గడ్డకట్టించి దాచారు. ఈలోగా పవర్‌లూమ్ మోటారు దగ్గర కరెంటు కొట్టి ప్రతాప్ పోయాడు. ఐదు నెలలైంది.

అప్పుడు ఆస్పత్రికి రాసిచ్చిన ఒప్పుకోలు కాగితంలో భర్త సంతకం ఉండాల్సిన చోట మునివెంకటప్ప సంతకం ఉంది. అదేమీ దొంగచాటుగా పెట్టింది కాదు. ఆ ఇంట్లో పెద్దాయన ఉండగా ఇంకొకరు సంతకం పెట్టరు. షావుకారు దగ్గర నూలు తెచ్చినా, బ్యాంకుకు పోయినా ఆయనే. ముప్పై నాలుగేళ్ల ప్రతాప్ ఆ రోజు, "నాయన ఉండంగా నేనేంది" అంటూ పెన్ను తండ్రి చేతికిచ్చాడు. భువనేశ్వరికి కూడా ఆ మర్యాద ముచ్చటగానే అనిపించింది. ఆస్పత్రి వాళ్లకు గడి నిండితే చాలు.

"ఒక్క సంతకం మామా," అంది. "ఏడేండ్లు మందులు మింగినాను. దినానికి ముప్పై రూపాయలకు నూలు కండెలు సుట్టి, దాంట్లోనే సూదులకు దాసినాను. నీ కొడుకు బిడ్డే గదా."

"నాకు తెలీదామ్మా?" అన్నాడాయన. "వాడు సచ్చిన ఏడాదికి నువ్వు కడుపుతో తిరిగితే వీధిలో ఎవురు నమ్ముతారు? ఇంటింటికీ పోయి ఈ కాగితం సూపించేదా?"

"ఊరోళ్లకా నీ భయం? బిడ్డ పుడితే మగ్గాల్లో భాగం అడుగుతాదనా?"

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. నాలుగు మగ్గాలూ ప్రతాప్ తమ్ముడి పేర రాయాలని ఇంట్లో అప్పటికే మాట నడుస్తోంది.

భువనేశ్వరి డాక్టర్ వైపు తిరిగింది. "నా ఒంట్లోంచి తీసినారు గదమ్మా. నేనొక్కదాన్నే పెడితే సాలదా?"

"దీనికింకా చట్టమే లేదమ్మా. మా ఫారంలో సంతకాలు పెట్టిన ఇద్దరూ ఒప్పుకోవాలి. నేనేం చెయ్యను?"

బియ్యం కార్డుకు సవాలక్ష రూళ్లు పెట్టిన సర్కారుకు దీనికి మాత్రం తీరిక దొరకలేదు. రూలు లేనిచోట ఇంటి పెద్ద చెప్పిందే రూలు. ఆడదాని కడుపు విషయంలో మరీను.

"పోనీ, ఒకతూరి సూపిస్తారా?"

"కంటికి కనపడవమ్మా," అంది డాక్టర్. అయినా జాలిపడి ఆయాను తోడిచ్చి పంపింది.

పక్కగదిలో పాలక్యాను లాంటి పెద్ద డబ్బా ఉంది. మూతకు తాళం వేసుంది. భువనేశ్వరి దానికి అరచేయి ఆనించింది. లోపల గడ్డకట్టించే చలి అన్నారు గానీ, పైన చల్లగా కూడా లేదు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"రామ్మా, బస్సు పోతాది," అని మునివెంకటప్ప గుమ్మంలోంచి పిలిచాడు.

ఆమె డబ్బా పక్కన నేలమీద కూర్చుంది.

"నువ్వు పో మామా. నేను రాను."

లైటు ఆర్పబోయిన ఆయా, ఎవరి మాట వినాలో తెలియక, స్విచ్చి మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది.