మూడు శాతం

ఇమాం హుస్సేన్ అరిగిపోయిన హాక్సా బ్లేడు ముక్కను బ్యాటరీ అతుకులోకి దించి మెల్లగా తిప్పాడు. టిక్కుమని ప్లాస్టిక్ డబ్బా విడిపోయింది. లోపల ఆరు సెల్లులు. మొన్న ఫిబ్రవరిలో తను వేసినవే, ఆ సోల్డరింగ్ చుక్కలు తనవే. మనిషి తన చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాడు కదా.

గుంటూరు అరండల్‌పేటలో వీరబాబు కంప్యూటర్ల కొట్లో అతని చోటు మెట్ల కింద. కూర్చుంటే సరిపోతుంది, నిలబడితే వంగాలి. ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు. ఎనిమిదేళ్ళు అలా కూర్చుని యాభై అయిదేళ్ళకే మెడ ముందుకు వాలింది. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. వేళ్ళ కొసలు కాలి కాలి మొద్దుబారి, వేడి టీ గ్లాసు పట్టుకున్నా చురుకు తెలియదు.

పాపం, ఈయన ఏ విద్య నేర్చుకుంటే ఆ వస్తువుకి కాలం చెల్లేది. లాలాపేటలో సొంతంగా రేడియోల కొట్టు పెట్టాడు, రేడియోలు అటకెక్కాయి. టేపురికార్డర్లు పట్టుకున్నాడు, అవీ పోయాయి. టీవీల మెకానిక్కుగా వీరబాబు తండ్రి పిలిచి ఈ చోటు ఇచ్చాడు. ఇప్పుడు టీవీ చెడితే కొత్తది కొంటున్నారు. మిగిలింది లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి చచ్చిన సెల్లులు తీసి కొత్తవి వేయడం ఒక్కటే. భార్య మాబూబీ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఆవిడ ఇంటికొచ్చాక కూడా ఆ చేతులతో కళ్ళు తుడుచుకోదు. ఒక్కదాని కూలితో ఇల్లు గడవదు. ఈ మెట్ల కింద చోటు పోతే ఇంకో చోటు లేదు.

ఈ లాప్‌టాప్ మంగళగిరి పానకాలుది. చీరల అంచులకు డిజైన్లు గీసి, దాన్ని చంకన పెట్టుకుని మగ్గాల ఇళ్ళకు తిరిగి చూపిస్తుంటాడు. నలభై నిమిషాలకే ఆగిపోతోందని తేవడం ఇది మూడోసారి. రెండుసార్లూ ఇమాం హుస్సేన్ సెల్లులు మార్చాడు. మార్చాక నెల్లాళ్ళు బాగుండేది, తర్వాత మళ్ళీ మామూలే. నిన్న సాయంత్రం ఇచ్చి వెళ్తూ పానకాలు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని ఇతనికి అనిపించింది.

అందుకే డబ్బా విప్పే ముందు ఒక పరీక్ష పెట్టాడు. ఫుల్లుగా చార్జి చేసి, తొమ్మిదింటికి వైరు పీకి, పక్కనే కూర్చున్నాడు. నలభై నిమిషాలకు తెర మీద మూడు శాతం అని పడింది, కుయ్యిమని ఆగిపోయింది. ఇప్పుడు డబ్బా విప్పి మీటరు పెడితే సెల్లుల్లో పదకొండు వోల్టుల పైనే ఉంది. ఖాళీ అయితే తొమ్మిదికి దిగాలి. మీటరు మీదే అనుమానం వచ్చి, ఆటో ఇండికేటరు బల్బు తెచ్చి రెండు వైర్లతో కలిపాడు. వెలిగింది.

పదింటికి రోజూలాగే కరెంటు పోయింది. కొట్టంతా చీకటి, మెట్ల కింద మాత్రం పసుపు వెలుతురు. వీపు మీద చెమట కారుతున్నా లేవలేదు. బల్బు ఆరేలోపల, కొట్లో పడున్న అదే రకం మంచి బ్యాటరీ, నిండా చార్జి ఉన్నది, లాప్‌టాప్‌కి తగిలించి చూశాడు. దానికీ నలభై నిమిషాలకే మూడు శాతం. అంటే తప్పు సెల్లుల్లో లేదు. కంపెనీ వాళ్ళు యంత్రం లోపల రాసిపెట్టిన లెక్కే తప్పు. సెల్లులు మార్చినప్పుడు తను ఆ లెక్కను మొదటికి తెచ్చేవాడు కాబట్టే నెల్లాళ్ళు బాగుండేది. మధ్యాహ్నం జొహర్ అజాన్ వినిపించేసరికి కూడా బల్బు వెలుగుతూనే ఉంది.

ఇమాం హుస్సేన్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఇదే రకం లాప్‌టాప్‌లు ఎనిమిది నెలల్లో పది దాకా వచ్చాయి. ఆ పదింటిలోనూ మంచి సెల్లులు పీకి పారేశాడు. సిగ్గేసింది. ఆ వెనకే భయమూ వేసింది. తప్పు లోపలి లెక్కదైతే బ్లేడుతో పనేముంది, మెట్ల కింద మనిషితో పనేముంది? నోరు మూసుకుని ఇంకో ఆరు సెల్లులు వేస్తే అడిగేవాడు లేడు. పానకాలు మళ్ళీ వస్తాడు, పని మళ్ళీ ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్కలా సాయంత్రం దాకా కూర్చున్నాడు. కరెంటు వచ్చాక డబ్బా మాత్రం మళ్ళీ అతికించి, చార్జికి పెట్టాడు.

అయిదింటికి పానకాలు వచ్చాడు.

"సెల్లులు బాగానే ఉన్నాయండి," అన్నాడు ఇమాం హుస్సేన్. "పోయినసారీ బాగానే ఉండుంటాయి. నేనే తీసి పారేశాను."

పానకాలు లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదండీ," అన్నాడు.

"నాకు తెలిసింది గదండీ."

వీరబాబు కంపెనీ సైటు తెరిచి వెతికాడు. ఈ తప్పుకి మందు అక్కడే ఉంది, చిన్న ఫైలు. దింపి ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వైరు పీకి, ఏడింటి దాకా వాడి చూశారు. అంకె నెమ్మదిగా, బుద్ధిగా దిగింది. పానకాలు ముఖం విప్పారింది, వెళ్తూ ఇమాం హుస్సేన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. తన వేలితో తన కన్ను పొడుచుకున్నానని తెలిసినా, ఆ నిమిషం ఇమాం హుస్సేన్‌కి హాయిగానే ఉంది.

ఆ రకం లాప్‌టాప్‌లు తెచ్చిన మిగతా వాళ్ళకు కూడా ఫోన్లు చేసి చెప్పమన్నాడు. చూద్దాంలే అన్నాడు వీరబాబు. షట్టరు సగం దించి, తాళంచెవులతో ఆడుకుంటూ నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, అందుకే మాట తొందరగా రాలేదు.

"బాబాయ్, ఈ ఎండల్లో రోజూ రావడం దేనికిలే. పని తగిలితే కబురు పెడతాను."

అలాంటి కబుర్లు రావని ఇమాం హుస్సేన్‌కి ఇదివరకే తెలుసు. అలాగే నాయనా అన్నాడు. మీటరు, బ్లేడు సంచిలో వేసుకున్నాడు. షట్టరు కిందనుంచి వంగి బయటికి వచ్చాడు. వీధిలోకి వచ్చాక కూడా చాలా దూరం అలా వంగే నడిచాడు.

మెట్ల కింద, అతని తల తగిలేచోట మెట్టు అంచుకి అంటించుకున్న స్పాంజి ముక్క, ఎనిమిదేళ్ళ కొబ్బరినూనె జిడ్డుతో నల్లబడి, నడుమ కొంచెం గుంటపడి అలాగే ఉంది.