నరసింగరావు అతికించిన బ్రిడ్జి

నరసింగరావుకి సంగీతం వచ్చన్న సంగతి సంగీతానికి తప్ప ఊరందరికీ తెలుసు. ఇరవయ్యేళ్ళుగా భజన బృందానికి ఆయనే పెద్ద. హార్మనీ పెట్టె మీద రెండు వేళ్ళు ఆడతాయి, మైకు ముందు నాలుక ఆడుతుంది. రెండోదానికి అలుపన్నది లేదు. చీపురుపల్లి నుంచి విజయనగరం పోయే బస్సులో ఆ నాలుక పక్కన కూర్చోవలసి రావడం సుభద్రమ్మ ఖర్మ. ఆయన ఆమెకి అక్క మొగుడు, కాబట్టి లేచి వేరే సీటుకి పోవడానికి కూడా వీల్లేదు.

"మాండలిన్ కొనడమంటే వంకాయలు కొన్నట్టు కాదే సుభద్రా. సెవి ఉండాల."

"ఉండాల బావా," అంది సుభద్రమ్మ. ఈయనకి ఉన్నవి రెండూ కళ్ళజోడు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరావని మనసులో అనుకుంది.

ఆమె ఒళ్ళో గుడ్డసంచిలో తండ్రి నూకయ్య మాండలిన్ ఉంది. ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆమెకి వాయించడమే వచ్చు. తీగలు మార్చడం, బిరడాలు బిగించడం బృందంలో మగాళ్ళ పని. ఆడది వాయిద్యాన్ని విప్పకూడదని ఎవరు పెట్టారో ఏమో, అందరూ పాటించారు. తండ్రి బతికున్నంతకాలం తీగలు ఆయనే మార్చేవాడు. మూడేళ్ళ కిందట ఆయన పోయాక ఆ పెత్తనం బావకొచ్చింది.

అప్పట్నుంచే ఆమె చెయ్యి పాడైంది. కింది స్వరాలు బాగానే పలికేవి. పై స్థాయికి పోయేసరికి స్వరం కిందికి జారిపోయేది. వేళ్ళు చిట్లిపోయేలా సాధన చేసింది. లాభం లేకపోయింది. ప్రతి శనివారం రామమందిరంలో భజన అయ్యాక బావ మైకు అందుకునేవాడు. "మా మరదలు సెయ్యి మునుపట్లాగ లేదు. వయసు గదా! పెద్దమనసుతో ఇనుకోండి," అనేవాడు. ముందు వరసలో ఆడవాళ్ళు అయ్యో అనేవారు. ఆ అయ్యో అన్నది ఆమెకి తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది. పోనుపోను ఆమె కూడా నమ్మింది.

కిందటి నెలలో బృందం తీర్మానం చేసింది. పాతదిచ్చి కొత్త మాండలిన్ కొందాం, మరీ ఖరీదైంది కాకుండా మధ్యరకంది. దానిమీద కూడా స్వరం తప్పితే ఇక తప్పు చేతిదే. అప్పుడు సుభద్రమ్మ తాళాలు పట్టుకుంటుంది, మాండలిన్ బదులు త్రినాథ్ కీబోర్డు వాయిస్తాడు. త్రినాథ్ కీబోర్డు బటన్ నొక్కితే దానంతటదే వాయించుకుంటుంది. అతను పక్కన నిలబడి తలూపుతాడు.

కొట్టు గంటస్తంభం దగ్గర సందులో మేడమీద ఉంది. యజమాని నాగబాబు ఫోన్లోంచి తలెత్తకుండానే మూడు మాండలిన్లు బల్లమీద పెట్టాడు. మూలన లక్ష్ముడనే ముసలాయన పగిలిన డోలక్కి తాళ్ళు బిగిస్తున్నాడు. మరమ్మతులన్నీ ఆయనే చేస్తాడట.

నరసింగరావు పరీక్ష మొదలుపెట్టాడు. స్పీకరుకి తగిలించే ప్లగ్గున్న ఎర్రదాన్ని తీసుకుని కొబ్బరికాయని కొట్టినట్టు వేలితో కొట్టి చూశాడు. చేత్తో తూచాడు. వాసన కూడా చూశాడు. తర్వాత తీగలు లెక్కపెట్టాడు.

"ఎనిమిది. సరిగమపదనిస. లెక్క సరిపోనాది," అన్నాడు.

మాండలిన్ తీగలు జతజతగా ఉంటాయి, జతలో రెండింటికీ ఒకే శ్రుతి. ఆ ముక్క నాగబాబుకి తెలుసో తెలీదో గానీ, "మీలాంటోళ్ళొస్తే మాకు పని తేలికండి," అన్నాడు సిగ్గులేకుండా. ఇద్దరూ ఇద్దరే అనుకుంది సుభద్రమ్మ.

ఎర్రది తీసి వాయించింది. తీగలు మెడకి ఎంత ఎత్తున ఉన్నాయంటే నొక్కితే వేలు తెగేలా ఉంది. మోత రేకుడబ్బా మోత. దించేసి, చెక్కరంగులో ఉన్న మధ్యరకందాన్ని తీసింది. అది నిండుగా పలికింది.

లక్ష్ముడు తాళ్ళొదిలి లేచొచ్చాడు. "ఆ ఎర్రదాని మొకం ప్లైవుడ్డమ్మా, పైన రంగు. ఇది అసలు సెక్క," అన్నాడు. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని మెడ వంకరుందేమో చూశాడు. ఒక తీగ ఊరికే మీటాడు, అదే తీగ మెడమీది పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాడు. "రెండూ ఒకే స్వరం పలకాల, రెండోది పై స్థాయిలో. కొంచెం తేడా ఉన్నాది, సూడు." తీగలు వదులుచేసి, వాటి కిందున్న చెక్కముక్కని, అదే బ్రిడ్జిని, బొటనవేలితో కాస్త జరిపాడు. మళ్ళీ బిగించి మీటాడు. రెండూ కలిశాయి.

"అది కదుల్తాదేటి?" అంది సుభద్రమ్మ.

"కదలకపోతే ఎలాగమ్మా? దాన్నెవరూ అతికించరు. తీగల బిగువుకే నిలబడతాది."

నరసింగరావు పకపకా నవ్వాడు. "ఇదీ నేటి సరుకు! మాది సూడు." ఆమె పక్కనున్న సంచి లాక్కుని నూకయ్య మాండలిన్ బయటికి తీశాడు. "మావ పోనాక దసరా పూజకని తీగలన్నీ ఒక్కపాలి ఇప్పీసి తుడిసినాను. ఈ సెక్కముక్క ఊడి కింద పడిపోనాది. అన్నేళ్ళూ అతికించకుండానే నడిపీసినాడు మా మావ! రెండు ట్యూబుల గమ్ము కలిపి నానే అతికించీసినాను. మూడేళ్ళయినాది, ఇసుమంత కదిల్తే నన్నడుగు. అంచేత దీనికి రేటు ఎక్కువ కట్టాల."

లక్ష్ముడు ఆ మాండలిన్ తీసుకుని తీగ మీటాడు. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాడు. స్వరం కిందికి జారింది. మూడేళ్ళుగా సుభద్రమ్మ చెవిలో జారుతున్న స్వరమే అది.

"ఏ కొలతతో అతికించినారు?" అన్నాడు లక్ష్ముడు.

"కొలతేటి? ఇక్కడ పువ్వు ముగ్గు ఉన్నాది గదా, దానికింద పెడితే అందంగా ఉంటాదని పెట్టినాను."

సుభద్రమ్మకి తండ్రి గుర్తొచ్చాడు. తీగలు ఒక్కొక్కటే మార్చేవాడు. ఒకటి తీసి, కొత్తది వేసి, బిగించి, అప్పుడు రెండోది ముట్టుకునేవాడు. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు. బ్రిడ్జి చోటు తప్పకుండా ఉండడానికని ఇప్పుడు అడగక్కర్లేకుండా తెలిసింది. ఒళ్ళంతా మంటెత్తింది. ఈ మనిషి పువ్వు ముగ్గు అందం కోసం తన చెయ్యి విరగ్గొట్టి, ఆ విరిగిన చేతికి మైకులో సానుభూతి పంచిపెట్టాడు!

"తీసీగలవా అన్నా?" అంది లక్ష్ముడితో.

తీగలు వదులుచేసి, కత్తి వేడిచేసి, అతుకు కింద మెల్లగా దూర్చాడు లక్ష్ముడు. బ్రిడ్జి ఊడింది. కొంచెం పాలిష్ కూడా లేచింది. రెండు బియ్యపుగింజలంత మెడవైపుకి జరిపి, బిగించి, ఆమెకిచ్చాడు.

సుభద్రమ్మ తిన్నగా పై షడ్జం మీదికి పోయింది. అది ఉండవలసిన చోటే ఉంది. ఇంకా పైకి పోయింది. అక్కడా తప్పలేదు. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు బావ మొహం కనిపించింది, నీళ్ళు ఆరిపోయాయి.

"సూసినావా మరి! నాను తీసుకొచ్చినాను గాబట్టి గదా బయటపడినాది," అన్నాడాయన.

సుభద్రమ్మ కొత్తదాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టేసింది. తీగల సెట్టు ఒకటి కొంది, లక్ష్ముడికి దండం పెట్టింది. మెట్లు దిగుతూ ఒక్కమాటే అంది. "శనివారం మైకులో సెప్పాల బావా. సెయ్యి కాదు, గమ్మని."

"అలాగేలే," అన్నాడు బావ. అంత తేలిగ్గా అన్నాడంటే చెప్పడని ఆమెకి అప్పుడే తెలుసు.

శనివారం రామమందిరం నిండింది. నరసింగరావు మైకు సవరించుకున్నాడు. "మన మాండలిన్లో ఒక చిన్న సాంకేతిక లోపం ఉండడం, దానిని మేము స్వయంగా విజయనగరం వెళ్ళి సరిచేయించడం జరిగింది," అని హార్మనీ అందుకున్నాడు.

మాండలిన్ తప్ప అన్నీ మోగాయి. సుభద్రమ్మ అరచెయ్యి తీగల మీద ఆనించి కూర్చుంది. డోలక్ ఆగింది, తాళాలు ఆగాయి. చివరికి ఆయన రెండు వేళ్ళూ ఆగాయి.

"సాంకేతికమంటే ఏటి బావా?"

ఆయన తల పక్కకి తిప్పాడు. "గమ్ము," అన్నాడు మైకుకి దూరంగా.

"ఎవరు రాసినారు?"

"నానే."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుభద్రమ్మ చెయ్యి తియ్యలేదు.

"నా సెయ్యి పాడైపోనాదని మైకులో సెప్పినావు. ఇదీ మైకులోనే సెప్పు బావా. ఎనకాలున్నోళ్ళకి వినపళ్ళేదు."

చెప్పాడు. అప్పుడు చెయ్యి తీసింది.