దర్జీ కట్టిన చట్రాలు

తెల్లారేసరికి ఆ ఇంట్లో రెండు చప్పుళ్ళు మొదలయ్యేవి. వీధి గదిలో దర్జీ కుట్టుమిషను, వెనక వసారాలో అతని భార్య సుత్తి. ఆవిడ తేనెపెట్టెల్లో వేలాడదీసే చెక్క చట్రాలు చేసేది. అందుకే అందరూ ఆవిణ్ణి చట్రాలమ్మ అనేవాళ్ళు. వాళ్ళ ఏడేళ్ళ కూతురు ఆ రెండు చప్పుళ్ళ మధ్య, నడవలో బోర్లా పడుకుని ఎక్కాలు వల్లించేది.

చూడ్డానికి చట్రం బ్రహ్మవిద్యేం కాదు. పైన ఒక పట్టీ, పక్కల రెండు, కింద ఒకటి, మూలల్లో సన్న మేకులు. కానీ ఏ మూల కాస్త వంకరపోయినా పెట్టెలో ఇరుక్కుంటుంది. పక్క పట్టీల బెజ్జాల్లోంచి తీగను అటూ ఇటూ లాగి, గోటితో మీటితే మోగేదాకా బిగించాలి. తీగల కింద మైనపు రేకు పరిచి, వేడినీళ్ళలో ముంచిన చిన్న పళ్ళచక్రాన్ని తీగ వెంట నడిపితే తీగ మైనంలోకి దిగి కూర్చుంటుంది. రేకు నిండా ఆరు మూలల గళ్ళ అచ్చు ఉంటుంది. ఈగలు ఆ గళ్ళ మీదే గోడలు లేపుకుంటాయి.

దర్జీ ఎప్పుడైనా సాయం చేస్తానని వస్తే ఆవిడ సుత్తి వెనక్కి దాచేసేది. గుడ్డ తప్పు కోస్తే అతుకు వేసి ఫ్యాషన్ అనొచ్చుగానీ చెక్క దగ్గర నీ నాటకాలు సాగవు, పోయి నీ గుండీలు కుట్టుకో అనేది. అతను నవ్వుతూ వెళ్ళిపోయేవాడు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రిలో చేర్చేసరికే మాట తడబడుతోంది. ఆవిడ ఇక ఇంటికి తిరిగి రాలేదు.

చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, దర్జీ పాపకి పాలు కాస్తుంటే వసారాలోంచి సన్నగా హోరు వినిపించింది. వెళ్ళి చూస్తే తేనెటీగల గుంపు ఒకటి వచ్చి చట్రాలమ్మ స్టూలు మీద వాలింది. వాలి, ఆవిడలాగే కూర్చుంది. అవే ఒంగిన భుజాలు, ఎడమవైపుకి కాస్త వాల్చిన మెడ, ఒళ్ళో రెండు చేతులు. దర్జీ చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి, ఆవిడ ముఖాన ఎండ పడకుండా తడిక దించాడు.

జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు కొలతలిచ్చి, వసారాలోకి తొంగి చూసి, ఎలా ఉందని అడిగేవాళ్ళు. అలాగే ఉంది అనేవాడతను. పాప బడి నుంచి రాగానే స్టూలు పక్కన చేరి, ఆ రోజు ఎవరెవరు తన్నులు తిన్నారో చెప్పేది. ఒళ్ళో చెయ్యి పెడితే ఈగలు కొంచెం జరిగి వేళ్ళకి చోటిచ్చేవి. రాత్రి చలి వేస్తుందని దర్జీ ఆవిడ శాలువా తెచ్చి మెల్లగా కప్పేవాడు. పొద్దున్నే పంచదార నీళ్ళు సాసర్లో పోసి పెట్టేవాడు. మిగతా బతుకంతా అలా గడిచిపోయినా అతనికి చాలనిపించింది.

కానీ పాప తల చిక్కులు కట్టింది. అన్నం మాడిన వాసనకి అలవాటు పడిపోయింది. ఓ ఆదివారం చట్రాలమ్మ అక్క వచ్చింది. ఊరి చివర తోటలో తేనెపెట్టెలు పెంచుకునే మనిషి ఆవిడ. పాప జడ విప్పి దువ్వుతూ, పిల్లని తనతో తీసుకెళ్తానంది. నీ ఒక్కడివల్ల కాదయ్యా, పెద్దయ్యాక పంపిస్తాలే అంది. దర్జీ తలొంచుకుని సరేనన్నాడు. కాదనే ఓపిక అతనిలో లేదు.

తర్వాత ఆవిడ వసారాలోకి వెళ్ళి చెల్లెలి ఎదురుగా చతికిలబడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఈగల్ని పరీక్షగా చూసింది. స్టూలు కింద నేలంతా చచ్చిన ఈగలు.

"ఇది ఇట్లా ఉండకూడదయ్యా," అంది. "మైనం వాటి ఒంట్లోంచే రావాలి. దానికి కడుపులో తేనె ఉండాలి. ఇక్కడ చుట్టూ సిమెంటే, పువ్వన్నది లేదు. నీ పంచదార నీళ్ళతో ఎన్నాళ్ళు? ముందు చలికాలం ఉంది. పెట్టెలోకి దిగితే నా తోటకి తీసుకుపోతా."

"ఉండనీ వదినా."

"ఉండదనే చెప్తున్నా."

తన వ్యానులోంచి చట్రాలున్న పెట్టె తెచ్చి స్టూలు పక్కన పెట్టిందావిడ. కొన్ని ఈగలు లోపలికి పోయి, వాసన చూసి, తిరిగొచ్చి భుజం మీద తమ చోట సర్దుకున్నాయి. ఎవరి చేతి పనీ దీనికి నచ్చదు, చిన్నప్పట్నుంచీ ఇంతే అని గొణుక్కుంటూ, వచ్చే ఆదివారం పాప కోసం వస్తానని చెప్పి, పెట్టెలోని చట్రాలన్నీ తీసేసి, నువ్వు కట్టినవైతే దిగుతుందేమో చూడు అని ఖాళీ పెట్టె అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

దర్జీ రెండు రోజులు ఆ పెట్టె వైపు చూడలేదు. మూడోనాడు శాలువా తీస్తుంటే అతని చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కొలతలు అతనికి టేపు లేకుండా తెలుసు. పెళ్ళైన కొత్తలో కుట్టిన మొదటి జాకెట్టు నుంచీ తెలుసు. భుజం అంగుళం తగ్గింది. మణికట్టు దగ్గర ఈగలు ఒక్క వరసే మిగిలి, వాటి మధ్యనుంచి అవతలి గోడ కనిపిస్తోంది. వెనకాల పాప వచ్చి నిలబడింది.

"అమ్మకి ఆకలేస్తోంది నాన్నా."

ఆ రోజు అతను మిషను తొక్కలేదు. ఆవిడ కోసి పెట్టుకున్న పట్టీలు బల్ల కింద కట్టగట్టి ఉన్నాయి, మైనపు రేకులు పాత కాగితాల మధ్య ఉన్నాయి. స్టూలు ఎదురుగా నేల మీద కూర్చుని మొదటి చట్రం మొదలుపెట్టాడు. మేకు పట్టీని చీల్చేసింది. ఇంకో పట్టీ తీశాడు. మూల వంకరొచ్చింది. విప్పి మళ్ళీ కొట్టాడు. తీగ బిగించడం మాత్రం కాజాకి దారం లాగినట్టే అనిపించి చేతికి లొంగింది. మైనపు రేకు చల్లదనానికి పెళుసుబారి విరిగిపోతే, రెండోదాన్ని కాసేపు తన పొట్టకి ఆనించుకుని వెచ్చబెట్టాడు. అప్పుడు వంగింది. పాప వేడినీళ్ళు అందిస్తుంటే పళ్ళచక్రం నడిపాడు. కళ్ళు మసకబారి చక్రం దారి తప్పినప్పుడల్లా ఆగి తుడుచుకునేవాడు.

పూర్తయిన చట్రాన్ని ఆవిడ ముందు ఎత్తి పట్టుకున్నాడు. కొన్ని ఈగలు వచ్చి రేకు మీద గళ్ళ వెంట నడిచాయి. ఈసారి తిరిగి పోలేదు.

అప్పుడు ఏడ్చాడు దర్జీ. ఇక దాచుకోవడానికేమీ లేదని తెలిసిపోయింది. ఒక్కో చట్రం కట్టడమంటే ఆవిణ్ణి అంత పంపించెయ్యడమే. అయినా పెట్టె నిండేదాకా చేతులు ఆపలేదు.

ఆదివారం మధ్యాహ్నం వదిన వచ్చేసరికి పెట్టె సిద్ధంగా ఉంది. వాళ్ళ మంచం మీది తెల్ల దుప్పటి తెచ్చి, స్టూలు దగ్గర్నుంచి పెట్టె నోటిదాకా పరిచారు. దర్జీ దగ్గరికెళ్ళి, ఆవిడ చెవి ఉండాల్సిన చోట వంగి, "వెళ్ళు ఇక," అన్నాడు.

ముందు పాదాలు దుప్పటి మీదికి దిగాయి. తర్వాత మోకాళ్ళు, నడుము. ఈగలన్నీ తోకలెత్తి, రెక్కలాడిస్తూ, ఒక మనిషి నిద్రకి ఒరిగినట్టు దుప్పటంతా పరుచుకుని పెట్టెవైపు నడిచాయి. ముఖం చివరిదాకా ఉంది. అది కూడా నెమ్మదిగా చెదిరి లోపలికి వెళ్ళిపోయింది. స్టూలు ఖాళీ అయింది. వదిన నోట్లో కొంగు కుక్కుకుంది.

పొద్దు వాలాక పెట్టెని వ్యానులోకి ఎక్కించారు. పాప బట్టల సంచి ముందు సీట్లో ఉంది. పాప ఏడవలేదు. చెప్పులు వేసుకుని, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, మెట్లు దిగింది. దర్జీ మెట్టు మీదే ఉండిపోయాడు.

అప్పుడు వదిన చూసింది. ఈగలన్నీ లోపలికి పోలేదు. ఒక గుప్పెడు ఎక్కడినుంచో వచ్చి పాప వీపు మీద, రెండు భుజాల మధ్య, చెయ్యి ఆకారంలో వాలాయి. ఐదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. పాప ఆగింది. వెనక్కి తిరిగింది. వీపున చెయ్యేసి ఎవరో నడిపిస్తున్నట్టు, చిన్న చిన్న అడుగులతో మెట్లెక్కి, నాన్న నడుముకి తల ఆనించి నిలబడింది. ఈగలు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత లేచి, వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, పెట్టెలోకి వెళ్ళిపోయాయి.

వదిన ముందు సీట్లోంచి సంచి తీసుకొచ్చి మెట్టు మీద పెట్టింది. పెట్టె నోరు గుడ్డతో కట్టి, తలుపు వేసి, స్టీరింగు దగ్గర కూర్చుంది.

"తోటలో ఇంకా చట్రాలు కావాలయ్యా నాకు. మెల్లగానే కట్టు," అంది. "పాప తల మాత్రం రోజూ దువ్వు."

వ్యాను మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. వసారా నిశ్శబ్దంగా ఉంది.

"వీపు ఇంకా వెచ్చగా ఉంది నాన్నా," అంది పాప.

దర్జీ అక్కడ చెయ్యి పెట్టాడు. తీయలేదు.