గొడుగు గౌను

"మోకాళ్ళ దగ్గర ఇంకాస్త బిగించండి," అంది పిన్ని.

నేలమీద కూర్చుని గుండుసూదులు గుచ్చుతున్న టైలరమ్మ తలెత్తింది. పెళ్ళి గౌన్లో నిలబడ్డ అమ్మాయి అద్దంలోకి చూడటం లేదు. వీధి తలుపు వైపు చూస్తోంది.

పిన్ని ఎంచింది చేప గౌను. మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుని, అక్కణ్ణుంచి తోకలా విచ్చుకుంటుంది.

"పాపకి గొడుగు గౌను నప్పుతుందండీ. నడుము సన్నం, కిందంతా విచ్చుకుంటే బొమ్మలా ఉంటుంది. దీంట్లో అడుగు పడదు."

"అడుగులేసి ఏ ఊరెళ్ళాలట? కారు దిగడం, వేదిక ఎక్కడం, అంతేగా! ఏమే, నువ్వేమంటావ్?"

"గొడుగుదే బావుంది పిన్నీ."

"నీకేం తెలుసే, నోరుమూసుకో."

ఇంతలో ఫోను మోగింది. పిన్ని మాట్లాడుతూ గుమ్మం దాకా వెళ్ళింది.

"అక్కా," అమ్మాయి గొంతు తగ్గించింది. "పెళ్ళికొడుకు బాబాయి వ్యాపారంలో భాగస్థుడు. మొదటి పెళ్ళాన్ని మేడ మీంచి తోసేశాడు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను ఒకసారి పారిపోబోయి గేటు దగ్గర దొరికిపోయా. ఇవాళ్టి తర్వాత ఇక పెళ్ళిరోజు తప్ప గడప దాటనివ్వరు. దీంతో పరిగెత్తలేనక్కా."

టైలరమ్మ ఇంకో సూది గుచ్చింది.

"ఎడమ పక్క కుట్టు. ఆ రోజు తొడ దగ్గర పట్టుకుని గట్టిగా లాగు. ఊడొస్తుంది."

"ఏంటి గుసగుసలు?" పిన్ని వెనక్కొచ్చింది.

"ఊపిరి బిగబట్టమంటున్నానండీ."

ఆ సాయంత్రం టైలరమ్మ ఎడమ పక్క మిషన్ కుట్టంతా విప్పేసి, చేత్తో వదులుగా కచ్చా కుట్లు వేసింది. పైన పూసల వరస పరిచి ఇస్త్రీ చేసింది. పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెచ్చుకుని మరీ పట్టుకెళ్ళింది.

పెళ్ళిరోజు టైలరమ్మకి ఏ పనీ సాగలేదు. చేతిలోనే ఉన్న కత్తెర కోసం బల్లంతా వెతికింది.

మర్నాడు షాపు తెరవగానే పిన్ని వచ్చి గౌను బల్లమీద పడేసింది. ఎడమ పక్క కుట్టు నిలువునా విడిపోయి ఉంది. టైలరమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పాప వెళ్ళిపోయింది!

అప్పుడు కనిపించింది, అంచు మీద టైరు మరక.

"ఏం కుట్లండీ ఇవి?" పిన్ని గొంతు మామూలుగానే ఉంది. "కారు దిగుతూనే చింపుకుని రోడ్డున పడి పరిగెత్తింది. మా ఆయన ఆపుదామని కారు అడ్డం పెట్టాడు. కాలి మీదికెక్కింది."

"పాప..."

"ఇంట్లోనే ఉంది. కాలికి కట్టు వేశారు. పెళ్ళి వచ్చే వారానికి మార్చాం."

పిన్ని గోడకి నమూనాగా వేలాడుతున్న గొడుగు గౌను దగ్గరికెళ్ళింది. దాని అంచు ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, గుడ్డ వదిలేసి చూసింది. చెయ్యి కనపడలేదు.

"మీరన్నదే నిజమండీ. దానికి ఇదే నప్పుతుంది."

టైలరమ్మ టేపు చేతిలోకి తీసుకుంది. "కొలతలు మళ్ళీ తీసుకోవాలి. నేనే ఇంటికొస్తా."

"అక్కర్లేదు, పాతవే చాలు. కుట్లు మాత్రం ఈసారి నా ముందే వేయండి."

పిన్ని కుర్చీ లాక్కుని మిషనుకి ఎదురుగా కూర్చుంది.